బీపీ ఉన్నవాళ్ళు నెల తప్పాలనుకుంటే: ఏ మాత్ర, ఏ మిషన్, ఏ ఆస్పత్రి

ముందుగా మీరు రోజూ వేసుకునే బీపీ మాత్రల స్ట్రిప్ చేతిలోకి తీసుకోండి. పెద్ద అక్షరాలతో కనిపించేది కంపెనీ పెట్టుకున్న పేరు, దాన్ని వదిలేయండి. దాని కిందో, వెనక రేకు మీదో చిన్న అక్షరాలతో అసలు మందు పేరు ఉంటుంది. ఆ పేరు ‘సార్టాన్’తో ముగిసినా (టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఓల్మిసార్టాన్), ‘ప్రిల్’తో ముగిసినా (రామిప్రిల్, ఎనలాప్రిల్, లిసినోప్రిల్) అది కడుపుతో ఉన్నప్పుడు వాడకూడని మందు. మన దగ్గర బీపీకి విరివిగా రాసే మందుల్లో టెల్మిసార్టాన్ ఒకటి కాబట్టి ఈ పని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు.

కారణం ఇదీ. ఐదో నెల నుంచి ఉమ్మనీరులో ఎక్కువ భాగం బిడ్డ పోసే మూత్రమే. ఈ రెండు రకాల మందులూ బిడ్డ మూత్రపిండాలకు రక్తం అందే తీరును దెబ్బతీస్తాయి. మూత్రం తగ్గితే ఉమ్మనీరు తగ్గుతుంది. ఉమ్మనీరు లేకపోతే బిడ్డ ఊపిరితిత్తులు ఎదగవు.

బ్రాండు పేరు పక్కన ‘ఏఎం’ అని ఉంటే సాధారణంగా అమ్లోడిపిన్, ‘హెచ్’ అని ఉంటే హైడ్రోక్లోరోథయజైడ్ కూడా ఆ మాత్రలోనే కలిసి ఉన్నాయని అర్థం. టెల్మిసార్టాన్ 40, అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు కలిసిన మాత్రను విరిచి సగం వేసుకున్నంత మాత్రాన టెల్మిసార్టాన్ పోదు. మొత్తం మార్చాల్సిందే. అటెనొలాల్ వాడుతున్నవాళ్ళలో బిడ్డ బరువు తగ్గడం చూశారు కాబట్టి దాన్నీ మార్చాలి. స్పైరొనోలాక్టోన్ కూడా పనికిరాదు.

మాత్ర ముందే మార్చాలా, నెల తప్పాక మార్చాలా?

మా సలహా ముందే మార్చమని. నెల తప్పిన సంగతి తెలిసేసరికే ఐదో వారం. అపాయింట్‌మెంట్ దొరికి డాక్టర్ దగ్గర కూర్చునేసరికి ఎనిమిదో వారమో, పదో వారమో అవుతుంది. పీసీఓడీ ఉండి పీరియడ్స్ సరిగ్గా రానివాళ్ళకు మూడో నెల దాకా తెలియకపోవడమూ ఉంది. పైగా కొత్త మందు మోతాదు కుదరడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ కుదిరే పని వేవిళ్ళతో వాంతులవుతున్నప్పుడు కంటే, రెండు మూడు నెలల ముందు తీరిగ్గా జరిగితే ఎంతో నయం.

దీనికి ఒక మినహాయింపు ఉంది. షుగర్ వల్లో, కిడ్నీ జబ్బు వల్లో మూత్రంలో ప్రొటీన్ పోతున్నవాళ్ళకు ఈ ‘ప్రిల్’, ‘సార్టాన్’ మందులే మూత్రపిండాలను కాపాడుతుంటాయి. వాళ్ళకు నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) గర్భం టెస్టు పాజిటివ్ వచ్చేదాకా కొనసాగించమనవచ్చు. అయితే పీరియడ్ ఠంచనుగా వచ్చేవాళ్ళకే ఈ దారి సరిపోతుంది. తేదీ దాటిన రోజే టెస్టు చేసుకుని, పాజిటివ్ అయితే అదే రోజు ఫోన్ చేసి మందు మార్చుకోవాలి.

తెలియక సార్టాన్ వేసుకుంటూనే నెల తప్పినవాళ్ళు దయచేసి రెండు తప్పులు చేయకండి. ఒకటి, భయపడి గర్భం తీయించుకోవడం. ఖాయంగా తెలిసిన ప్రమాదం నాలుగో నెల తర్వాత వాడితే వచ్చేది, కాబట్టి మొదటి వారాల్లో పడిన మాత్రల కోసం గర్భం పోగొట్టుకోనక్కర్లేదు. రెండు, బదులు మందు లేకుండా ఉన్న మాత్ర ఆపేసి ఊరుకోవడం. రెండు రోజుల్లోపు డాక్టర్‌ను కలిసి మందు మార్చుకోండి. 18–20 వారాల్లో బిడ్డ అవయవాలన్నీ చూసేందుకు చేసే టిఫా స్కాన్‌లో మూత్రపిండాలు, ఉమ్మనీరు ప్రత్యేకంగా చూడమని చెప్పండి.

మాత్ర ముందే మార్చుకుని గర్భం కోసం ఎదురుచూసే రెండు మూడు నెలల్లో చేయించుకోవాల్సిన పరీక్షలు: సీరం క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చూపేది), పొటాషియం, మూత్రంలో ప్రొటీన్–క్రియాటినిన్ నిష్పత్తి, షుగర్, థైరాయిడ్, ఈసీజీ. బీపీ ఏళ్ళ తరబడి ఉంటే ఎకో, కంటి రెటీనా పరీక్ష కూడా. ఇప్పటి అంకెలు కాగితం మీద ఉండటం చాలా అవసరం. ఏడో నెలలో మూత్రంలో ప్రొటీన్ కనిపించినప్పుడు అది పాతదా, కొత్తగా వచ్చిందా అని తేల్చేది ఆ కాగితమే. 30 ఏళ్ళలోపే బీపీ వచ్చినవాళ్ళకు దానికో మూలకారణం ఉండే అవకాశం ఎక్కువ. మూత్రపిండాల రక్తనాళం సన్నబడటం, అడ్రినల్ గ్రంథి తేడాలు అలాంటివి. రెండు చేతులకూ బీపీ చూసి, తేడా ఎక్కువగా ఉంటే కారణం వెతకాలి. ఫోలిక్ యాసిడ్ కనీసం నెల ముందు మొదలుపెట్టండి. బీపీ 160/110 దగ్గరే తచ్చాడుతుంటే అది దిగేదాకా ప్రయత్నం వాయిదా వేయండి.

మాత్ర వేసుకోవడమా, మానేయడమా?

మన ఇళ్ళల్లో ఎక్కువ నష్టం చేసేది ఈ ఎంపికే. ‘కడుపుతో ఉన్నప్పుడు అన్నేసి మాత్రలేంటి’ అని అత్తగారో అమ్మో అనడం, ఆ మాటకు బీపీ మందు మాత్రం మానేసి ఐరన్, కాల్షియం కొనసాగించడం.

వైద్యుల్లోనూ చాలాకాలం సందేహం ఉండేది. బీపీని మరీ తగ్గిస్తే మాయకు రక్తం తగ్గి బిడ్డ ఎదగదేమో అని 160 దాటేదాకా మందు ఇవ్వనివాళ్ళు ఉండేవారు. 2022లో అమెరికాలో చాప్ అనే అధ్యయనం ఈ ప్రశ్నను తేల్చింది. ముందునుంచే ఓ మోస్తరు బీపీ ఉన్న 2,408 మంది గర్భిణులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు 140/90 కంటే తక్కువ ఉండేలా మందులిచ్చారు. రెండో జట్టుకు 160/105 దాటితేనే ఇచ్చారు. తీవ్రమైన ప్రీఎక్లంప్సియా (గర్భంలో బీపీ పెరిగి మూత్రపిండాలు, లివర్ లాంటి అవయవాలు దెబ్బతినే జబ్బు), 35 వారాల ముందే కాన్పు చేయాల్సి రావడం, మాయ ముందే విడిపోవడం, బిడ్డ చనిపోవడం వీటిలో ఏదో ఒకటి జరిగింది మందు వేసుకున్న జట్టులో నూటికి 30 మందికి, వేసుకోని జట్టులో 37 మందికి. బరువు తక్కువ పిల్లలు రెండు జట్లలోనూ దాదాపు సమానమే. అదే ఏడాది అమెరికా గైనకాలజిస్టుల సంఘం 140/90 దగ్గరే మందు మొదలుపెట్టమని తన సలహా మార్చుకుంది. 135/85 దగ్గర నిలపాలని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతాయి. పైనంకె 110, కిందంకె 70 కంటే దిగితే మోతాదు తగ్గించాలి.

ఇక్కడ చాలామంది ఒక చోట మోసపోతారు. నాలుగు, ఐదు నెలల్లో గర్భిణులందరికీ బీపీ సహజంగానే కొంత దిగుతుంది. 130/85 ఉన్నవాళ్ళకు 112/70 చూపిస్తుంది. ‘తగ్గిపోయింది’ అని మాత్ర మానేస్తారు. ఏడో నెల దాటాక అది మళ్ళీ ఎక్కడం మొదలుపెడుతుంది, అప్పటికి చూసేవాళ్ళుండరు. డాక్టర్ మోతాదు తగ్గించినా, ఆపినా, వారానికి రెండుమూడు సార్లు బీపీ చూసుకోవడం మాత్రం ఆపకండి. మొదటి చెకప్‌కే నాలుగో నెలలో వెళ్ళినవాళ్ళకు ఈ దిగువ అంకె పాత బీపీని కప్పేస్తుంది. అందుకే రెండో నెలలోనే ఒకసారి చూపించుకోవాలి.

లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా

గర్భంలో నోటి ద్వారా వాడే మందులు ప్రధానంగా ఈ మూడు. మూడూ ఏళ్ళ తరబడి వాడినవే. ఎవరికి ఏది అన్నది మీ ఒంటి తీరును బట్టి ఉంటుంది.

లాబెటలాల్ మామూలుగా 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లతో మొదలవుతుంది. ఆస్తమా ఉన్నవాళ్ళకు ఇది వద్దు, శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. చిన్నప్పుడు ఆయాసం ఉండి ఇప్పుడు లేకపోయినా డాక్టర్‌కు చెప్పండి. కొందరికి తల మీద చీమలు పాకినట్టు జివ్వుమంటుంది, అది ప్రమాదం కాదు. దీనితో వచ్చే చిక్కు ఒకటుంది: మందు పట్టు చాలామందికి 12 గంటలు నిలవదు. సాయంత్రం 125/80 ఉండి, పొద్దున లేవగానే 148/96 వస్తుంటే మందు పనిచేయడం లేదని కాదు, రాత్రి మోతాదు తెల్లారేదాకా చాలడం లేదని. అలాంటప్పుడు అదే మందును ఎనిమిది గంటలకోసారి రాస్తారు. ఆ తేడా డాక్టర్‌కు తెలియాలంటే పొద్దున మాత్ర వేసుకోకముందు చూసిన అంకె మీ పుస్తకంలో ఉండాలి.

నిఫెడిపిన్‌లో మీకు కావలసింది నెమ్మదిగా విడుదలయ్యే రకం. దాన్ని నమలకూడదు, నూరకూడదు, విరవకూడదు. విరిస్తే రోజంతా విడుదల కావలసిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి వచ్చి బీపీ ధడాలున పడుతుంది. ఒకప్పుడు బీపీ పెరగ్గానే క్యాప్సూల్‌కు సూదితో పొడిచి నాలుక కింద పిండే అలవాటుండేది. ఇంట్లో ఎవరైనా ఆ సలహా ఇస్తే వద్దనండి. మొదటి రోజుల్లో తలనొప్పి, ముఖం వేడెక్కడం, గుండె దడ, తర్వాత మడమల వాపు వస్తాయి. మైగ్రేన్ ఉన్నవాళ్ళకు ఇబ్బంది: తలనొప్పి మందు వల్లా, ప్రీఎక్లంప్సియా వల్లా అన్నది తేలదు. దీని దగ్గరి చుట్టం అమ్లోడిపిన్‌తో బీపీ బాగా కుదిరినవాళ్ళకు చాలామంది డాక్టర్లు దాన్నే కొనసాగిస్తున్నారు.

మిథైల్‌డోపా అన్నిటికంటే పాతది. రోజుకు రెండు మూడు సార్లు 250 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. మత్తుగా, నిస్సత్తువగా ఉంటుంది. డిప్రెషన్ ఉన్నవాళ్ళకు, ఇంతకుముందు వచ్చినవాళ్ళకు ఇది వద్దు. కాన్పు అయిన రెండు రోజుల్లోపు దీన్ని వేరే మందుకు మార్చాలి, ఎందుకంటే బాలింత మనసు కుంగే రోజులవి.

బీపీ 160/110 దాటి అత్యవసరమైనప్పుడు ఈ మూడింటినీ పోల్చిన పెద్ద పరిశోధన నాగ్‌పూర్‌లో రెండు ప్రభుత్వ ఆస్పత్రుల్లో జరిగింది. 2019లో లాన్సెట్‌లో వచ్చింది, మొత్తం 894 మంది. ఆరు గంటల్లో ఇబ్బంది లేకుండా బీపీ అదుపులోకి వచ్చింది నిఫెడిపిన్‌తో 84 శాతానికి, లాబెటలాల్‌తో 77, మిథైల్‌డోపాతో 76 శాతానికి. సెలైన్, ఇంజెక్షన్ వెంటనే కుదరని చోట కూడా నోటి మాత్రతో చికిత్స మొదలుపెట్టవచ్చని దీంతో రుజువైంది. కాబట్టి చిన్న ఆస్పత్రి నుంచి పెద్దాస్పత్రికి పంపేముందు ‘ఇక్కడే ఒక మోతాదు ఇవ్వండి’ అని అడగడం సబబు.

ఆస్పిరిన్, కాల్షియం

ముందునుంచే బీపీ ఉంటే చిన్న మోతాదు ఆస్పిరిన్ దాదాపు అందరికీ రాస్తారు. 75 మిల్లీగ్రాములా, 150యా అన్నది ప్రశ్న. 2017 నాటి ఆస్ప్రె అధ్యయనంలో 150 మిల్లీగ్రాములు రాత్రిపూట ఇస్తే, 37 వారాల ముందు వచ్చే ప్రీఎక్లంప్సియా 4.3 శాతం నుంచి 1.6కు దిగింది. బీపీ ముందునుంచే ఉన్నవాళ్ళ వరకు చూస్తే ఆ మేలు అంత స్పష్టంగా కనబడలేదు, అది దాచకుండా చెప్పాలి. అయినా ఖర్చు, ప్రమాదం రెండూ తక్కువ కాబట్టి వాడమనే అంటాం. అల్సర్, రక్తస్రావం జబ్బు, ఆస్పిరిన్ పడని ఆస్తమా లేకపోతే 150 వైపే మా మొగ్గు. 12వ వారంలో మొదలుపెట్టాలి. 16 దాటాక మొదలుపెడితే ఫలితం తగ్గుతుంది, అప్పటికి మాయ వేళ్ళూనుకునే పని చాలావరకు అయిపోతుంది. ఎప్పుడు ఆపాలో డాక్టర్ చెబుతారు, సాధారణంగా 36వ వారం.

కాల్షియం మన ప్రభుత్వ పథకంలో నాలుగో నెల నుంచి రోజుకు 500 మిల్లీగ్రాముల మాత్రలు రెండు. డబ్బా మీద ‘కాల్షియం కార్బొనేట్ 1250’ అని ఉంటే అందులో అసలు కాల్షియం 500 మిల్లీగ్రాములే, ఎక్కువైందని కంగారుపడకండి. అన్నం తిన్నాక వేసుకోవాలి. ఐరన్ మాత్రతో కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు, రెండు గంటల ఎడం ఉండాలి. రోజుకు 500 చాలా, 1500 కావాలా అని బెంగళూరులో 11,000 మంది తొలిచూలు గర్భిణుల మీద పోల్చి చూశారు (2024లో వెలువడింది). ప్రీఎక్లంప్సియా విషయంలో రెండూ ఒకటే. కాబట్టి ఖరీదైన ఎక్కువ మోతాదు కోసం తిరగనక్కర్లేదు.

ఉప్పు గురించి క్లుప్తంగా. చప్పిడి తిండి ప్రీఎక్లంప్సియాను ఆపదు, కాళ్ళ నీరు తీయదు. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచా లోపు చాలు. ఆ చెంచాడూ ఎక్కడ పోతుందో చూడాలంటే కూరను కాదు, కంచం అంచున ఉన్న ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయలను చూడండి. దగ్గుకు అతిమధురం నమలడం, కషాయం కాయడం బీపీని పెంచుతుంది, పొటాషియంను తగ్గిస్తుంది. ముక్కు దిబ్బడకు మెడికల్ షాపులో ఇచ్చే ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మాత్రలూ అంతే. మంచం దిగకుండా పడుకోవడం వల్ల మేలు లేకపోగా కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది.

ఏ బీపీ మిషన్ కొనాలి?

మణికట్టుది వద్దు, మోచేతి పైన కట్టేదే కొనండి. గర్భిణుల్లో పరీక్షించి చూసిన మోడలైతే మంచిది. అన్నిటికంటే ముందు ఒక టేపుతో భుజానికీ మోచేతికీ మధ్య చుట్టుకొలత తీయండి. మామూలు కఫ్ (చేతికి చుట్టే పట్టీ) మీద 22–32 సెంటీమీటర్లు అని ఉంటుంది. చేయి 34 ఉన్నవాళ్ళు దాన్ని బిగించి కడితే, లేని బీపీని చూపిస్తుంది. అనవసరంగా మందు పెరుగుతుంది. పెద్ద కఫ్ విడిగా దొరుకుతుంది, దాని మీద ఖర్చు వృథా కాదు.

చూసే పద్ధతి: మూత్రానికి వెళ్ళొచ్చి, కాఫీ టీ తాగి అరగంట దాటాక, కుర్చీలో వెన్ను ఆనించి, పాదాలు నేలకు ఆనించి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. నేల మీద బాసిపట్టు వేసుకుని, ఒళ్ళో చేయి పెట్టుకుని చూస్తే తప్పుగా వస్తుంది. చేయి బల్ల మీద గుండె ఎత్తున ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. కొన్న వారంలోనే మిషన్‌ను ఆస్పత్రికి తీసుకెళ్ళి అక్కడి దానితో పోల్చుకోండి.

ఇంట్లో 135/85 లోపుంటే సరే. రెండుసార్లు 140/90 దాటితే ఆ రోజే ఫోన్ చేయండి. 160కి గాని 110కి గాని చేరితే 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూడండి, అలాగే ఉంటే బయల్దేరండి. ఆ అంకె కంటే ముందే బయల్దేరాల్సిన లక్షణాలు: పారాసెటమాల్‌కు తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు లేదా మసక, కుడి డొక్క కింద నొప్పి, ఆయాసం, ముఖం చేతులు ఒక్కసారిగా ఉబ్బడం, బిడ్డ కదలిక తగ్గడం, రక్తం కనిపించడం. ఇంట్లో మిషన్ ఉందని చెకప్ మానేయకండి. మూత్రంలో ప్రొటీన్, ప్లేట్‌లెట్లు, లివర్ పరీక్షలు, బిడ్డ ఎదుగుదల ఆ మిషన్ చూపించదు.

కాన్పు ఎక్కడ?

తొలి కాన్పుకు పుట్టింటికి పంపడం మన ఆనవాయితీ. ఏడో నెలలోనో, తొమ్మిదిలోనో సీమంతం అయ్యాక ఊరు మారతారు. ప్రీఎక్లంప్సియా ఎక్కువగా బయటపడేదీ ఈ రోజుల్లోనే. సరిగ్గా అప్పుడే డాక్టర్ మారుతుంది, ఫైలు అత్తగారింట్లో ఉండిపోతుంది, కొత్త డాక్టర్ దగ్గర మొదటి బీపీ 150/100 వస్తుంది. అది రెండు నెలలుగా ఉందా, నిన్న వచ్చిందా అన్నది ఎవరికీ తెలియదు.

బీపీ ఉన్నవాళ్ళకు మా సలహా: ఊరు ముఖ్యం కాదు, ఆస్పత్రిని ఐదో నెలలోనే ఎంచుకుని, కాన్పు అక్కడే అనుకుంటే అప్పటినుంచే కనీసం రెండు చెకప్‌లు అక్కడ చేయించుకోండి. లేదా అమ్మనే మీ ఇంటికి రమ్మనండి. వెళ్ళక తప్పదంటే మాతా శిశు సంరక్షణ కార్డు, పాత క్రియాటినిన్, స్కాన్లు, బీపీ పుస్తకం సంచిలో బట్టలకంటే ముందు పెట్టుకోండి.

బీపీ మందు వేసుకుంటున్నవాళ్ళు కాన్పు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పెట్టుకోకూడదు. ప్రతినెలా 9న జరిగే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ చెకప్‌కు అక్కడికి వెళ్ళండి, మీ కార్డు మీద హైరిస్క్ ఎర్ర స్టిక్కర్ వేయించుకోండి. కాన్పుకు మాత్రం ఏరియా ఆస్పత్రో, బోధనాస్పత్రో, ఆ వసతులున్న ప్రైవేటో కావాలి. వెళ్ళి నాలుగు ప్రశ్నలు అడగండి: రాత్రి రెండింటికి మత్తు డాక్టర్ ఉంటారా, రక్తం ఎక్కడినుంచి ఎంతసేపట్లో వస్తుంది, నెలలు నిండని బిడ్డకు నవజాత శిశు విభాగం ఇక్కడే ఉందా, తల్లికి ఐసీయూ ఉందా. నెలలు నిండకముందే కాన్పయ్యే అవకాశం ఉన్నవాళ్ళకు మూడో ప్రశ్న అన్నిటికంటే పెద్దది. బిడ్డను ఒక ఆస్పత్రిలో, తల్లిని ఇంకో ఆస్పత్రిలో పెట్టుకుని పడే యాతన ఆ ఒక్క ప్రశ్నతో తప్పుతుంది.

దారిలో ఫిట్స్ రాకుండా ఆపేది మెగ్నీషియం సల్ఫేట్. 2002లో 33 దేశాల్లో 10,000 మందికి పైగా గర్భిణులతో జరిగిన మ్యాగ్‌పై పరిశోధనలో ఇది గుర్రపువాతం (ప్రీఎక్లంప్సియా ముదిరి వచ్చే ఫిట్స్) ముప్పును సగానికి పైగా తగ్గించింది. తీవ్రమైన ప్రీఎక్లంప్సియాలో, పెద్దాస్పత్రికి పంపేముందు రెండు పిరుదులకూ 5 గ్రాముల చొప్పున మొదటి మోతాదు ఆరోగ్య కేంద్రంలోనే ఇవ్వవచ్చు. 108 వచ్చేలోపు ఆ పని అయ్యేలా చూడండి, ఇచ్చిన టైము చీటీ మీద రాయించుకోండి.

ఎప్పుడు, ఎలా?

మందుతో బీపీ అదుపులో ఉంటే 37 నుంచి 39 వారాల మధ్య కాన్పు. ప్రీఎక్లంప్సియా వస్తే 37 దాటాక ఆగరు. తీవ్రమైతే 34 వారాల తర్వాత ఆగరు, తల్లి పరిస్థితి విషమిస్తే అంతకుముందే చేస్తారు. అలాంటప్పుడు బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు.

బీపీ ఉన్నంత మాత్రాన ఆపరేషన్ చేయాలని లేదు. నొప్పులు తెప్పించి మామూలు కాన్పు చేయవచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. ఇంత ఎక్కువగా జరిగే చోట ‘బీపీ కాక ఇంకే కారణం వల్ల ఆపరేషన్ అంటున్నారు’ అని అడిగే హక్కు మీకుంది. బిడ్డ ఎదుగుదల బాగా తగ్గడం, గుండె చప్పుడు తేడా, గర్భసంచి ముఖద్వారం పండకముందే తల్లి పరిస్థితి దిగజారడం సరైన కారణాలే. మాయ పడ్డాక రక్తం ఆగడానికి ఇచ్చే మెథర్జిన్ బీపీ ఉన్నవాళ్ళకు వద్దు, ఆక్సిటోసిన్ ఇస్తారు. కేసు షీటు మీద ఆ మాట రాసి ఉందో లేదో మీవాళ్ళతో చూడమనండి.

కాన్పు తర్వాత

బీపీ అన్నిటికంటే ఎక్కేది కాన్పు తర్వాత మూడో రోజు నుంచి ఆరో రోజు లోపల. చాలామంది ఇంటికి వెళ్ళేదీ మూడో రోజే. కాబట్టి మొదటి వారం పొద్దున సాయంత్రం చూసుకోండి, పది రోజుల్లోపు డాక్టర్‌కు చూపించండి. తలనొప్పి వస్తే చలిగాలి తగిలిందని, చెవుల్లో దూది పెట్టుకోలేదని అనేవాళ్ళుంటారు. ముందు బీపీ చూడండి, ఫిట్స్ కాన్పు తర్వాత కూడా వస్తాయి.

పాలిచ్చే తల్లికి నిఫెడిపిన్, అమ్లోడిపిన్, లాబెటలాల్ వాడవచ్చు. ఎనలాప్రిల్ కూడా వాడవచ్చు. ‘ప్రిల్’ అని కంగారుపడకండి, పాలలోకి వెళ్ళేది అతి స్వల్పం. బిడ్డ మరీ నెలలు తక్కువైతే మాత్రం డాక్టర్‌ను అడగాలి. గర్భనిరోధానికి ఈస్ట్రోజన్ కలిసిన మాత్రలు బీపీని పెంచుతాయి. కాపర్‌–టీకి బీపీతో ఏ పేచీ లేదు, కాన్పు అయిన 48 గంటల్లోపు ఆస్పత్రిలోనే వేయించుకోవచ్చు. పాత టెల్మిసార్టాన్‌కు తిరిగి వెళ్ళాలనుకుంటే ముందు ఆ ఏర్పాటు జరగాలి. పాలిచ్చే రోజుల్లో పీరియడ్ ఒక్కసారీ రాకుండానే మళ్ళీ నెల తప్పవచ్చు.